ఫీడ్ అంటే టేబుల్ కాదు: డైనమిక్స్ కస్టమర్ డేటాను విజువల్ స్టూడియోలోకి తెచ్చుకోవడం

(డెస్క్‌టాప్ డెవలపర్ల కోసం ఇచ్చిన ప్రసంగానికి రాత ప్రతి. తెర మీద చూపించిన చిరునామాలు, కోడ్ ఇక్కడ మాటల్లోనే ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

మీ కంపెనీ కస్టమర్ల వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ వ్యాపార సాఫ్ట్‌వేర్ డైనమిక్స్ 365లో ఉన్నాయి. అంటే దాని వెనక ఉన్న డేటాబేస్ డేటావర్స్‌లో, క్లౌడ్‌లో. మీ చేతిలో ఏముంది? విజువల్ స్టూడియో ఉంది. సీ షార్ప్‌లో రాసిన పాత విండోస్ ఫారమ్స్ అప్లికేషన్ ఉంది. దాంట్లో ఒక గ్రిడ్ ఉంది. ఆ గ్రిడ్‌లో కస్టమర్ల జాబితా రావాలి. మేనేజర్ అడిగేది అంతే. వినడానికి ఒక పూట పనిలాగే ఉంటుంది.

ఇక్కడ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి అలవాటుపడ్డ ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. కనెక్షన్ స్ట్రింగ్ ఏది? ఉండదండి. మనం వెళ్ళే దారిలో అలాంటి కనెక్షన్ స్ట్రింగ్ ఉండదు. ఉండేది ఒక వెబ్ చిరునామా. ఆ చిరునామాని అడిగితే జవాబుగా ఒక ఫీడ్ వస్తుంది. వెబ్ చిరునామాతో ఇలా డేటా అడిగే పద్ధతి పేరు ఓడేటా. దాన్ని మనం టేబుల్ అనుకుంటాం. ఈ రోజు నేను చెప్పబోయే తిప్పలన్నీ, దాదాపు అన్నీ, అలా అనుకోవడం వల్ల వచ్చినవే.

ముందు పాస్‌వర్డ్ గొడవ లేకుండా ఒకటి చూద్దాం. ఓడేటా వాళ్ళ అభ్యాస సర్వీసు ఒకటుంది, నార్త్‌విండ్. చాలామందికి పాత పరిచయమే. బ్రౌజర్‌లో ఆ సర్వీసు నాలుగో వెర్షన్ చిరునామా కొట్టి, చివర స్లాష్ పెట్టి కస్టమర్స్ అని చేర్చాను. జేసన్ (డేటాని అక్షరాల్లో రాసే ఒక రూపం) వచ్చింది, చూడండి. నార్త్‌విండ్‌లో కస్టమర్లు ఎంతమంది? గుర్తున్నవాళ్ళు చెప్పండి. అవును, 91 మంది. ఇక్కడ ఎంతమంది వచ్చారు? లెక్కపెట్టండి. 20. ఆల్ఫ్కీ అనే కస్టమర్ కోడ్‌తో మొదలై ఎర్నెష్ దగ్గర ఆగిపోయింది. మిగతా 71 మంది ఎక్కడ? ఎర్రర్ వచ్చిందా? రాలేదు. స్టేటస్ 200, అంతా బాగుంది అంటోంది.

ఇప్పుడు కిందికి జరపండి. అట్టడుగున ఒక లైన్ ఉంది, ఓడేటా డాట్ నెక్స్ట్‌లింక్. మిగతావి కావాలంటే ఈ చిరునామాకి రండి అని సర్వర్ చెబుతోంది. దాన్ని పట్టుకుని వెళితే ఇంకో 20. అలా నాలుగు పేజీలు నిండుగా వచ్చి, ఐదో పేజీలో 11 వచ్చి, అక్కడ నెక్స్ట్‌లింక్ ఉండదు. లింక్ లేకపోవడమే అయిపోయిందనడానికి గుర్తు. వరసలు తక్కువ రావడం గుర్తు కాదు. పేజీలో 20 కన్నా తక్కువ వచ్చాయి కాబట్టి ఇదే ఆఖరిది అని లూప్ రాసినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటారు. సర్వర్ తనకి ఇష్టమైనప్పుడు చిన్న పేజీ ఇవ్వవచ్చు, ఆ హక్కు దానికుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 2007లో మైక్రోసాఫ్ట్ ఓడేటాని ఆస్టోరియా అనే సంకేతనామంతో మొదలుపెట్టింది. మొదట్లో ఇవి నిజంగానే ఆటమ్ ఫీడ్లు, బ్లాగులకి వాడే అదే ఎక్స్‌ఎమ్‌ఎల్. అందుకే ఇప్పటికీ ఫీడ్ అనే మాట మిగిలింది. 2014లో నాలుగో వెర్షన్ ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది, జేసన్ ముందుకొచ్చింది. డైనమిక్స్ పాత వెర్షన్ సీఆర్‌ఎమ్ 2011 కాలంలో రాసిన కోడ్ మీ దగ్గర ఇంకా ఉందా? అది రెండో వెర్షన్. ఆర్గనైజేషన్‌డేటా డాట్ ఎస్‌వీసీ అని చిరునామాలో కనబడితే అదే. దాంట్లో పేజీకి 50 వరసలు, టేబుల్ పేరు అకౌంట్‌సెట్, జీయూఐడీ (ఒక్కో వరసని గుర్తించే పొడవాటి కోడ్) ముందు గైడ్ అని రాసి కోట్‌లు పెట్టాలి. కొత్తదాంట్లో ఇవన్నీ మారాయి. పాత ఫిల్టర్‌ని కాపీ చేసి కొత్త చిరునామాకి అంటిస్తే 400 ఎర్రర్ తప్పదు. అంటించకండి, తిరిగి రాయండి.

ఇక అసలు పని. డేటావర్స్ చిరునామా ఎలా ఉంటుంది? మీ సంస్థ పేరు, డాట్, సీఆర్‌ఎమ్ 8, డాట్, డైనమిక్స్ డాట్ కామ్. ఈ 8 ఏమిటి? ఇండియా డేటా సెంటర్ల గుర్తు. ఉత్తర అమెరికా అయితే అంకె ఉండదు, యూరప్ అయితే 4. దాని తర్వాత స్లాష్ ఏపీఐ, స్లాష్ డేటా, స్లాష్ వీ 9.2. అక్కడినుంచి అకౌంట్స్ (అంటే మన కస్టమర్లు), కాంటాక్ట్స్, ఆపర్చునిటీస్. బహువచనం అండి. అకౌంట్ అని ఏకవచనంలో కొడితే 404, అంటే అలాంటిది లేదని. కాలమ్ పేర్లన్నీ చిన్నక్షరాల్లో. పెద్ద ఎన్‌తో నేమ్ అని రాస్తే అలాంటి ప్రాపర్టీ లేదంటుంది. ఎస్‌క్యూఎల్‌లో ఈ పట్టింపు ఉండదు కాబట్టి ఇక్కడ చాలామంది తడబడతారు.

లాగిన్ సంగతి. మైక్రోసాఫ్ట్ లాగిన్ సర్వీసు ఎంట్రా ఐడీలో, 2023 దాకా అజ్యూర్ ఏడీ అనేవాళ్ళం, అక్కడ యాప్ రిజిస్ట్రేషన్ చెయ్యాలి. డెస్క్‌టాప్ అప్లికేషన్ కాబట్టి ప్లాట్‌ఫామ్ దగ్గర మొబైల్ అండ్ డెస్క్‌టాప్ ఎంచుకోండి, రీడైరెక్ట్ చిరునామా లోకల్‌హోస్ట్ ఇవ్వండి. ఏపీఐ పర్మిషన్లలో డైనమిక్స్ సీఆర్‌ఎమ్ వెతికి యూజర్ ఇంపర్సొనేషన్ టిక్ పెట్టండి. కోడ్‌లో లాగిన్ పని చూసే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ ఎమ్‌ఎస్‌ఏఎల్ వాడండి. పాత ఏడీఏఎల్ కాదు, దానికి 2023లోనే మద్దతు ఆపేశారు. ముందు సైలెంట్‌గా టోకెన్ (లాగిన్ అయ్యారని చూపే చీటీ) అడగాలి, కుదరకపోతేనే లాగిన్ కిటికీ తెరవాలి. టోకెన్ గంటా గంటన్నరలో చెల్లిపోతుంది. పొద్దున ఒకసారి తీసుకుని స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకున్నారనుకోండి, భోజనం చేసొచ్చేసరికి లాగిన్ చెల్లదని 401 వస్తుంది. ప్రతి అభ్యర్థనకి ముందు ఎమ్‌ఎస్‌ఏఎల్‌నే అడగండి, అది తన క్యాష్‌లోంచి ఇస్తుంది. మీరు దాచాల్సిన పని లేదు.

క్లయింట్ సీక్రెట్ అనేది ఒకటి, అప్లికేషన్ సొంత పాస్‌వర్డ్ లాంటిది, కనబడుతుంది అక్కడ. డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో దాన్ని పెట్టకూడదు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి పెడతాం సార్ అంటారు. విప్పే తాళం కూడా అదే మెషీన్‌లో ఉంటుంది కదా? ఇంక దాచినట్టెలా అవుతుంది?

ఇంకొకటి, పాత ప్రాజెక్టుల్లో మాత్రమే వచ్చేది. అండర్‌లైయింగ్ కనెక్షన్ వాజ్ క్లోజ్డ్ అని ఎర్రర్ వస్తే పాస్‌వర్డ్ మీద పడకండి. కనెక్షన్‌ని సురక్షితంగా ఉంచే ప్రమాణం టీఎల్‌ఎస్‌లో సర్వర్ 1.2 వెర్షన్ కన్నా పాతదాన్ని ఒప్పుకోదు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.5 మీద ఉన్న ప్రాజెక్టు దానంతటదే పాతదానితో వెళుతుంది. టార్గెట్‌ని 4.6.2కి, వీలైతే ఇంకా పైకి మార్చండి.

విజువల్ స్టూడియోలో దీన్ని ఎలా కలపాలి? రెండు దారులున్నాయి. ఓడేటా కనెక్టెడ్ సర్వీస్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది. చిరునామా ఇస్తే మెటాడేటా, అంటే టేబుళ్ళ, కాలమ్‌ల వివరాలు, చదివి క్లాసులన్నీ తనే రాసిపెడుతుంది, సీ షార్ప్‌లోనే ప్రశ్నలు రాసే LINQ పద్ధతి వాడుకోవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే డేటావర్స్ మెటాడేటా ఎంతుంటుందో తెలుసా? వందల టేబుళ్ళు, ఒక్కో టేబుల్‌లో వందకి పైగా కాలమ్‌లు ఉండొచ్చు. ఏమీ ఎంచకుండా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కొడితే భారీ ఫైల్ తయారై విజువల్ స్టూడియోనే మూలుగుతుంది. విజార్డ్‌లో స్కీమా టైప్స్ అనే పేజీ వస్తుంది. అక్కడ అన్ని టిక్‌లూ తీసేసి, మీకు కావాల్సిన రెండు మూడు టేబుళ్ళే పెట్టండి.

రెండో దారి, హెచ్‌టీటీపీ క్లయింట్‌తో అడిగి, జేసన్‌ని మీరు రాసుకున్న చిన్న క్లాసులోకి తెచ్చుకోవడం. నన్నడిగితే ఒకటి రెండు గ్రిడ్‌ల కోసం ఇదే మేలు. క్లాసులో ఆరు ప్రాపర్టీలుంటాయి, ఏం వస్తోందో మీకు తెలుస్తుంది. హెచ్‌టీటీపీ క్లయింట్ మాత్రం అప్లికేషన్ మొత్తానికి ఒక్కటే ఉంచండి. బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్తది సృష్టిస్తే సాకెట్లు అయిపోతాయి. ఇంకో మాట, బటన్ క్లిక్‌లో డాట్ రిజల్ట్ అని రాసి ఆగకండి. ఫారమ్ బిగుసుకుపోతుంది. అవెయిట్ వాడండి.

ఇప్పుడు ప్రశ్న రాయడం. ఏ కాలమ్‌లు కావాలో డాలర్ సెలెక్ట్‌లో చెప్పాలి. ఏ వరసలు కావాలో డాలర్ ఫిల్టర్‌లో చెప్పాలి. ఈ రెండూ లేకుండా అకౌంట్స్ అని ఊరికే అడగడం గ్లాసుడు నీళ్ళ కోసం ట్యాంకర్ తెప్పించుకోవడమే. తెర మీదున్నది చదువుతాను. సెలెక్ట్‌లో నేమ్, టెలిఫోన్1, అడ్రస్1 అండర్‌స్కోర్ సిటీ. ఫిల్టర్‌లో స్టేట్‌కోడ్ ఈక్వల్ సున్నా, అంటే యాక్టివ్‌గా ఉన్నవే. సిటీ ఈక్వల్ విశాఖపట్నం. పోలికలో చిన్నక్షరం పెద్దక్షరం తేడా లేదు, ఆ బెంగ వద్దు. కానీ మీ సేల్స్ వాళ్ళు వైజాగ్ అని ఒకచోట, విశాఖ అని ఒకచోట, స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఎగరగొట్టి ఇంకోచోట రాసుంటారు. దానికి ఓడేటాలో మందు లేదు.

కస్టమర్‌కి ముఖ్య కాంటాక్ట్ ఎవరో కావాలి. అది లుకప్ కాలమ్, అంటే ఇంకో టేబుల్‌లోని వరసని చూపించేది. సెలెక్ట్‌లో ప్రైమరీకాంటాక్ట్‌ఐడీ అని రాస్తే పేరు రాదు. ముందొక అండర్‌స్కోర్, చివర అండర్‌స్కోర్ వాల్యూ పెట్టాలి. అప్పుడైనా వచ్చేది జీయూఐడీనే. ఇక్కడ చాలామంది ఏం చేస్తారు? ప్రతి వరసకీ లూప్‌లో ఆ జీయూఐడీతో కాంటాక్ట్స్‌ని మళ్ళీ అడుగుతారు. ఒక పేజీలో 5000 వరసలుంటే 5000 అభ్యర్థనలు. ఒక్క గ్రిడ్ కోసం!

దీనికి తేలిక మార్గం ఉంది. అభ్యర్థనతో పాటు పంపే ప్రిఫర్ అనే హెడర్‌లో ఓడేటా డాట్ ఇంక్లూడ్-యానోటేషన్స్ అని పెట్టి స్టార్ ఇవ్వండి. అప్పుడు ప్రతి లుకప్ పక్కనా ఫార్మాటెడ్ వాల్యూ వస్తుంది, కాంటాక్ట్ పేరు దాంట్లోనే ఉంటుంది. స్టేట్‌కోడ్ సున్నా పక్కన యాక్టివ్ అని కూడా వస్తుంది. పేరుతో పాటు కాంటాక్ట్ ఈమెయిల్ కూడా కావాలంటే అప్పుడు ఆ ఇంకో టేబుల్ కాలమ్‌లు కూడా తెచ్చే డాలర్ ఎక్స్‌పాండ్ వాడండి, దాని లోపల మళ్ళీ సెలెక్ట్ పెట్టి.

పేజీల దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. డేటావర్స్‌లో మామూలు టేబుల్ అయితే పేజీకి 5000 వరకు ఇస్తుంది. మీ టెస్ట్ డేటాలో 300 కస్టమర్లు. అన్నీ ఒకే పేజీలో వచ్చేస్తాయి, నెక్స్ట్‌లింక్ ఎప్పుడూ కనబడదు, లూప్ రాయలేదని ఎవరికీ తెలీదు. ప్రొడక్షన్‌లో 5001వ కస్టమర్ చేరిన రోజున ఎవరో ఒక కస్టమర్ గ్రిడ్‌లో కనబడడు. ఎర్రర్ ఉండదు. అందుకని టెస్ట్‌లో ప్రిఫర్ హెడర్‌లో ఓడేటా డాట్ మ్యాక్స్‌పేజ్‌సైజ్ 10 అని పెట్టండి. 300 వరసలకి 30 పేజీలు నడిచి లూప్ సరిగ్గా ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది.

డాలర్ స్కిప్‌తో చేద్దామంటారా? డేటావర్స్‌లో అది లేదు. నెక్స్ట్‌లింక్‌ని ఉన్నదున్నట్టు వాడాలి, విప్పి మళ్ళీ కట్టకూడదు, దాని వెనక ఇంకేమీ తగిలించకూడదు. హెడర్‌లు మాత్రం మొదటి అభ్యర్థనలో ఏవి పెట్టారో అవే ప్రతి పేజీకీ పెట్టండి. డాలర్ ఆర్డర్‌బై సిటీ అని వదిలేస్తే ఒకే ఊరివాళ్ళు వందమంది ఉన్నప్పుడు వాళ్ళ వరస నిలకడగా ఉండదు. ఒక కస్టమర్ రెండు పేజీల్లో రావచ్చు, ఇంకొకరు ఏ పేజీలోనూ రాకపోవచ్చు. సిటీ తర్వాత కామా పెట్టి అకౌంట్‌ఐడీ చేర్చండి.

మొత్తం ఎన్ని ఉన్నాయో సరిచూసుకుందామని డాలర్ కౌంట్ అడుగుతారు. 5000 అని వస్తుంది. సరిగ్గా 5000! కౌంట్ కూడా 5000 దగ్గరే ఆగిపోతుంది మరి. అది లెక్క కాదు, హద్దు.

ఎర్రర్ లేకుండా వరసలు తగ్గడానికి ఇంకో కారణం ఉంది, హక్కులు. లాగిన్ అయిన మనిషి సెక్యూరిటీ రోల్ ఎంతవరకు చూడనిస్తుందో అంతవరకే ఫీడ్‌లో వస్తుంది. మీ మెషీన్‌లో, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ రోల్‌తో, అన్నీ వస్తాయి. విజయవాడ బ్రాంచిలో కూర్చున్న ఆవిడకి తన బిజినెస్ యూనిట్ కస్టమర్లే వస్తారు. ఆవిడ ఫోన్ చేసి సాఫ్ట్‌వేర్ తప్పు అంటుంది. తప్పు కాదు, అలాగే రావాలి. కాలమ్‌కి ప్రత్యేకంగా భద్రత పెట్టి ఉంటే అది నల్‌గా వస్తుంది. నిజంగా ఖాళీనా, దాచారా అనేది ఆ నల్‌ని చూసి చెప్పలేం. కాబట్టి టెస్టింగ్ అంతా తక్కువ హక్కులున్న లాగిన్‌తో చెయ్యండి.

పేర్ల సంగతి. ఫలానా అండ్ సన్స్, ఫలానా అండ్ కో. మన షాపుల పేర్లలో ఆ అండ్ గుర్తు ఎంత మామూలు! వెబ్ చిరునామాలో ఆ గుర్తుకి వేరే అర్థం ఉంది, ఇక్కడితో ఈ భాగం అయిపోయిందని. దాన్ని శాతం గుర్తు 26గా మార్చకపోతే ఫిల్టర్ సగంలో తెగిపోతుంది. పేరులో అపాస్ట్రఫీ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ముందు రెట్టింపు చెయ్యండి, తర్వాత యూఆర్‌ఐ క్లాసులోని ఎస్కేప్‌డేటాస్ట్రింగ్ వాడండి, రెండూ తీరిపోతాయి. తెలుగు పేర్లతో వెతికినా పని చేస్తుంది. కాకపోతే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కోటి తొమ్మిది అక్షరాలవుతుంది. రావు అనే పేరుకి రెండక్షరాలు అనుకుంటాం, కోడ్‌లు నాలుగు, చిరునామాలో 36. పొడవైన జాబితా ఇచ్చి వెతికేటప్పుడు ఇది గుర్తుండాలి. మామూలు గెట్ అభ్యర్థన చిరునామా 32 కేబీ దాటకూడదు.

టైమ్. దీని మీద కాస్త ఆగుతాను. సర్వర్ సమయాలన్నీ యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తుంది, యూటీసీలోనే తీసుకుంటుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలు. 2025 ఏప్రిల్ 1 నుంచి చేరిన కస్టమర్లు కావాలి. క్రియేటెడ్‌ఆన్ జీఈ (అప్పుడు లేదా ఆ తర్వాత అని) 2025-04-01, సున్నా గంటలు, చివర యూటీసీ గుర్తు జెడ్ అని రాశారు. తప్పెక్కడుంది? యూటీసీలో సున్నా గంటలంటే మనకి పొద్దున ఐదున్నర. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా ఆన్‌లైన్‌లో నమోదైన వాళ్ళందరూ పాత సంవత్సరంలో పడిపోయారు. రాయాల్సింది 2025-03-31, 18 గంటల 30 నిమిషాలు, జెడ్.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి. పుట్టినరోజు లాంటి కాలమ్‌లు తేదీ మాత్రమే, వాటికి సమయమే లేదు. దాన్ని డేట్‌టైమ్‌గా చదివి టులోకల్‌టైమ్ పిలిస్తే, డాట్‌నెట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుని మారుస్తుంది. హైదరాబాద్‌లో ఐదున్నర గంటలు కలుస్తాయి, తేదీ అదే ఉంటుంది, బాగానే ఉందనుకుంటాం. అదే అప్లికేషన్‌ని డల్లాస్ ఆఫీసులో నడిపితే గంటలు తగ్గి ముందు రోజుకి వెళ్ళిపోతుంది. కస్టమర్‌కి ఒక రోజు ముందే శుభాకాంక్షలు వెళతాయి! కొత్త డాట్‌నెట్‌లో డేట్‌ఓన్లీ టైప్ ఉంది, అది వాడండి.

హద్దుల గురించి. ఐదు నిమిషాల వ్యవధిలో ఒక్కో యూజర్‌కి, ఒక్కో వెబ్ సర్వర్ మీద 6000 అభ్యర్థనలు. అదే ఐదు నిమిషాల్లో సర్వర్ మీ కోసం పనిచేసే సమయం, ఒకేసారి నడిచే అభ్యర్థనలన్నిటిదీ కలిపి, 20 నిమిషాలు. ఏకకాలంలో 52 అభ్యర్థనలు. దాటితే 429 వస్తుంది, దానితో పాటే రీట్రై-ఆఫ్టర్ అనే హెడర్ వస్తుంది, ఎన్ని సెకన్లు ఆగాలో దాంట్లో ఉంటుంది. అంతసేపు ఆగాలి. వెంటనే మళ్ళీ కొడుతూ పోతే ఆగాల్సిన సమయం పెరుగుతుంది. ఇందాకటి లూప్ గుర్తుందా, వరసకొక అభ్యర్థన? అది వేగంగా నడిస్తే రెండో పేజీ మధ్యలోకి రాకముందే 6000 దాటేస్తారు.

సభలో అడిగినవి

గ్రిడ్‌లో ఫోన్ నంబర్ దిద్ది వెనక్కి పంపవచ్చా అని అడుగుతున్నారు. పంపవచ్చు, ప్యాచ్ అభ్యర్థనతో. మారిన కాలమ్ మాత్రమే పంపండి, మొత్తం వరస కాదు. రెండు జాగ్రత్తలు. ఒకటి, డేటావర్స్‌లో ప్యాచ్ అంటే ఉంటే మార్చు, లేకపోతే సృష్టించు అని. మీ గ్రిడ్ తెరిచాక ఎవరో ఆ కస్టమర్‌ని తీసేశారనుకోండి, ఒక్క ఫోన్ నంబర్‌తో కొత్త కస్టమర్ పుట్టుకొస్తాడు. ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో స్టార్ పెడితే అది ఆగుతుంది. రెండోది, వేరేవాళ్ళు చేసిన మార్పుని మీరు తుడిచేయకూడదంటే స్టార్ బదులు వరసతో పాటు వచ్చిన ఈట్యాగ్‌ని (ఆ వరస ఏ వెర్షనో చెప్పే గుర్తు) పెట్టండి. మధ్యలో మారి ఉంటే 412 వస్తుంది, అప్పుడు మళ్ళీ చదివి యూజర్‌కి చూపించాలి.

రోజూ మొత్తం తెచ్చుకోకుండా మారినవే తెచ్చుకోవడం ఎలా? మాడిఫైడ్‌ఆన్ మీద ఫిల్టర్ పెట్టవచ్చు, అయితే తీసేసిన వరసలు దాంట్లో కనబడవు. లేనిదానికి మార్పు తేదీ ఎక్కడిది? ఛేంజ్ ట్రాకింగ్ ఉన్న టేబుల్ అయితే ప్రిఫర్ హెడర్‌లో ఓడేటా డాట్ ట్రాక్-ఛేంజెస్ పెట్టండి. ఆఖర్లో డెల్టాలింక్ ఇస్తుంది. దాన్ని దాచుకుని మళ్ళీసారి అడిగితే కొత్తవి, మారినవి, తీసేసినవి మూడూ వస్తాయి. దీంతో ఫిల్టర్, ఆర్డర్‌బై, ఎక్స్‌పాండ్ పనిచెయ్యవు. సెలెక్ట్ ఒక్కటే పెట్టుకోండి, వడపోత మీ మెషీన్‌లోని చిన్న డేటాబేస్, ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో చేసుకోండి. ఆ ఫైల్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది కదా, దాంట్లో జనాల ఫోన్ నంబర్లుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ముందు అది కూడా మీ బాధ్యతే. అక్కర్లేని కాలమ్‌ని అసలు తేవద్దు.

ఎక్సెల్‌లో అయితే? డేటా ట్యాబ్, గెట్ డేటా, ఫ్రమ్ అదర్ సోర్సెస్, ఫ్రమ్ ఓడేటా ఫీడ్. లాగిన్ దగ్గర ఆర్గనైజేషనల్ అకౌంట్ ఎంచుకోవాలి. పేజీలు ఎక్సెల్‌లో డేటా తెచ్చే భాగం, పవర్ క్వెరీ, తనే తిప్పుకుంటుంది. ఫిల్టర్ స్టెప్‌లు మాత్రం మొదట్లోనే పెట్టండి. సొంత ఫార్ములా కాలమ్ చేర్చాక పెట్టిన ఫిల్టర్ సర్వర్‌దాకా వెళ్ళకపోవచ్చు, అన్నీ తెచ్చి మీ మెషీన్‌లో వడకడుతుంది.

ఆఖరు ప్రశ్న, ఇంత గొడవ లేకుండా ఎస్‌క్యూఎల్‌లోనే అడగలేమా? ఎదురుచూస్తూనే ఉన్నాను ఈ ప్రశ్న కోసం. టీడీఎస్ ఎండ్‌పాయింట్ అని ఉంది, డేటావర్స్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లా అడగనిచ్చేది. అడ్మిన్ తెరిచి ఉంచితే ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోతోనే కలిసి సెలెక్ట్‌లు, జాయిన్‌లు రాసుకోవచ్చు. చదవడానికి మాత్రమే, అప్‌డేట్ కుదరదు. రిపోర్టు ఒక్కటే కావాలంటే నిస్సంకోచంగా అది వాడండి. గ్రిడ్‌లో ఫోన్ నంబర్ దిద్దాలంటే మాత్రం ఫీడ్ దగ్గరికే రావాలి.